ఆదివారం షరతు

విడాకుల కోసం నేను మొదట కోర్టు మెట్లెక్కలేదు. ఓర్పు ఉండి కాదు. కోర్టులో జడ్జిగారు ఏం రాస్తే అది తీసుకుని ఇంటికి రావాలి. పెద్దమనుషుల ముందైతే ఎదుటివాణ్ణి ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో చూసుకుని అక్కడే నొక్కవచ్చు. అతనితో కాపురం చేసినదాన్ని, ఆ చోటు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్ళో, పాస్టరుగారి ఇంటి వరండాలో కూర్చున్నాం. మా తరఫున ఇద్దరు సంఘపెద్దలు, అతని తరఫున పొన్నూరులో బియ్యం వ్యాపారం చేసే వాళ్ళ మేనమామ. ముందు ప్రార్థన చేశారు. ఇరుపక్షాల హృదయాలూ మెత్తబడాలని పాస్టరుగారు దేవుణ్ణి అడిగారు. నేను కళ్ళు మూసుకోలేదు. ఎదురుగా తల వంచుకున్న నా భర్త మెడ వైపే చూస్తూ కూర్చున్నాను.

విడిపోవడం గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా మా ఆరేళ్ళ పాప గురించే.

"పిల్ల మా ఇంటి పిల్ల. ఇంటిపేరు మాది. దాన్ని మాకిచ్చేసి ఈవిడ ఎక్కడికి పోతుందో పొమ్మనండి" అని మా అత్త వీధి చివరికి వినపడేలా అరిచింది. మా అమ్మ లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"అసలు నీకేం కష్టమొచ్చిందమ్మా? అబ్బాయి తాగడు, చెయ్యి చేసుకోడు" అన్నాడు మా సంఘపెద్దల్లో ఒకాయన, నా తరఫున వచ్చినవాడే.

నా కష్టం పేరు మిరప. అతను పొలం కౌలుకి తీసుకుని మిరప వేసేవాడు. కాయ ఎర్రబడితే చాలు, ఇక ఇంటి గడప తొక్కేవాడు కాదు. కోసిన కాయ ఆరబోసే కల్లంలోనే తిండి, అక్కడే పడక. నాకు నొప్పులు మొదలైన రోజు ఫోను చేస్తే, "కోతలే ఇప్పుడు, మీ అమ్మని తీసుకెళ్ళమను" అన్నాడు. బస్తాలు గుంటూరు మిర్చి యార్డుకి చేరాకే కూతురి మొహం చూశాడు. పాపకి ఊపిరాడక ఆసుపత్రిలో ఉంటే, "మబ్బు పట్టింది, కాయ మీద పట్టాలెవడు కప్పుతాడు?" అన్నాడు. ఇవన్నీ చెబితే పెద్దలు తలలూపారు. రైతన్నాక తప్పదు కదా అన్నట్టు ఊపారు. అప్పుడే నిర్ణయించుకున్నాను, వీళ్ళ చేతులతోనే అతని పీక నొక్కాలని.

ఇక్కడి పద్ధతి ప్రకారం పెద్దలు ఒక్కొక్క పక్షాన్నీ పక్కకి పిలిచి మాట్లాడారు. నన్ను వేపచెట్టు కిందికి పిలిచినప్పుడు నా షరతులు చెప్పాను. పాప నా దగ్గరే ఉంటుంది. అతను ప్రతి ఆదివారం పొద్దున ఆరాధన అయ్యే వేళకి వచ్చి తీసుకెళ్ళవచ్చు, చీకటి పడకముందు దింపాలి. తల్లినో తమ్ముణ్ణో పంపకూడదు, తానే రావాలి. మా గేటు బయట నిలబడి నన్ను అడిగి తీసుకెళ్ళాలి. వరసగా రెండు ఆదివారాలు రాకపోతే ఇక పాప మీద హక్కు వదులుకున్నట్టే.

"ప్రభువు దినాన్ని కోరుకున్నావు. మంచి ఆలోచనమ్మా" అని పాస్టరుగారు సంతోషపడ్డారు.

నేను ప్రభువుని తలుచుకుని కోరిన రోజు కాదది. మా వైపు కూలీలు చాలామంది క్రైస్తవులే. ఆదివారం పొద్దున ఒక్కరూ పనికి రారు. ఆ పూట కల్లంలో కాయ తిరగెయ్యాలన్నా, మబ్బు పడితే పట్టాలు కప్పాలన్నా ఇంటివాళ్ళే చూసుకోవాలి. వాళ్ళింట్లో అది అతని పనే. తల్లికి మోకాళ్ళ నొప్పులు, తమ్ముడికి ఒళ్ళు వంగదు. ఇదంతా బియ్యం వ్యాపారి మేనమామకి ఏం తెలుసు? మళ్ళీ అందరూ వరండాలో కూర్చున్నాక పెద్దలు నా షరతులు చెప్పగానే, "ఇంతేనా, ఇంకా ఏం అడుగుతుందో అనుకున్నాం" అంటూ ఆయన వెంటనే ఒప్పేసుకున్నాడు.

అతనికి మాత్రం అర్థమైంది. తలెత్తి నా వైపు చూశాడు. అంతకుముందే అందరి ముందూ, కూతురి కోసం ప్రాణమైనా ఇస్తానన్నాడు. ఇప్పుడు కల్లం వల్ల కుదరదని ఏ నోటితో చెబుతాడు? సరేనన్నాడు. ఆ మాటలే లాయరు చేత రాయించి, ఇద్దరి అంగీకారంతో కోర్టులో దాఖలు చెయ్యడానికి ఇద్దరం సంతకాలు పెట్టాం.

మా ఇల్లు చర్చి ఎదురుగా ఉంటుంది. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళంతా వీధిలో నిలబడి కాసేపు కబుర్లాడుకుంటారు. వాళ్ళ మధ్యనుంచే అతను బండి తోసుకుంటూ రావాలి. ఇంటి అల్లుడంటే మాకు వీధి మొత్తానికీ అల్లుడే. సంసారం తెగిపోయాక ఏమని పిలవాలో ఎవరికీ తోచలేదు కాబట్టి పాత పిలుపే కొనసాగించారు. "అల్లుడుగారూ, వచ్చారా? ఎండలో నిలబడ్డారేం? కుర్చీ తెమ్మంటారా?" అని ఒకావిడ, మజ్జిగ గ్లాసుతో ఇంకొకావిడ. అతని చెవులు ఎర్రబడేవి. నేను గుమ్మంలో నిలబడి, అతనంతట అతను అడిగేదాకా కదిలేదాన్ని కాదు. "పాపని పంపండి" అని మొదటిసారి నోరు విప్పిన రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

కోతలు మొదలయ్యాయి. ఒక ఆదివారం అతను రాలేదు. ఫోను కూడా లేదు. పాప బూట్లు వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నం దాకా మెట్టు మీదే కూర్చుంది. "నాన్నకి కోతలమ్మా" అన్నాను. వంగి దాని బూట్లు నేనే విప్పాను. అయినా లోపల పండగ చేసుకుంటూనే ఉన్నాను. ఇంకొక్క ఆదివారం తప్పితే చాలు.

మరుసటి ఆదివారం ప్రసంగం మధ్యలో ఉరిమింది. కాలం కాని కాలంలో వాన. చర్చిలో సగం మంది మగవాళ్ళు లేచి, చెప్పులు కూడా వెతుక్కోకుండా కల్లాల వైపు పరిగెత్తారు. ఎండిన కాయ ఒక్కసారి తడిస్తే రంగు పోతుంది, ఇక యార్డులో దాని మొహం చూసేవాడుండడు. నేను ఆఖరి పాట గొంతెత్తి పాడాను. ఇంత వానలో అతను కల్లం వదిలి ఎలా వస్తాడు?

వచ్చాడు. వీధిలో పిట్ట లేదు. నిలువునా తడిసి, మోకాళ్ళ దాకా బురదతో గేటు బయట నిలబడ్డాడు. చూరు కిందికి కూడా రాలేదు.

"పాపని పంపండి."

"కల్లం?" అన్నాను.

"వదిలేసి వచ్చాను."

"పట్టాలు ఎవరు కప్పారు?"

"ఎవరున్నారని? మొత్తం తడిసిపోయుంటుంది ఈపాటికి."

నేను కోరుకున్న దానికన్నా పెద్ద దెబ్బే తగిలింది అతనికి. ఏడాది కష్టం నీళ్ళపాలు. నాకు సంతోషం కలగాలి. కానీ పట్టరాని కోపం వచ్చింది.

"అయితే కల్లం వదిలేసి రావచ్చన్నమాట" అన్నాను.

ఈలోగా పాప గొడుగేసుకుని పరిగెత్తుకెళ్ళి అతని నడుం పట్టేసుకుంది. వాన తగ్గేదాకా ఇద్దరూ చర్చి వసారాలో కూర్చున్నారు. నేను కిటికీ తలుపు వేసేశాను.

ఆ తరువాత అతను ఏ ఆదివారమూ తప్పలేదు. మనిషి మారాడని మా వీధివాళ్ళు మెచ్చుకుంటారు, ఇక కలిసిపొమ్మని నాకు నచ్చజెబుతారు. అతనేం మారలేదు. మొదటినుంచీ చేతనైనవాడే. నా కోసం చెయ్యలేదు, అంతే. అందుకే ఈ రోజుకీ అతన్ని గేటు బయట నిలబెట్టి, అడిగించుకున్నాకే పాపని పంపుతున్నాను.