మూడోసారి అన్న మాట

హిరుఫుషి దీవిలో అఫీఫ్ అంతటి పడవవాడు లేడని అతన్ని తిట్టేవాళ్లు కూడా ఒప్పుకుంటారు. తిట్టేవాళ్లకు కొదవేం లేదు. మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు. మనసులో ఏది పుడితే అది నాలుక మీదికి వచ్చేస్తుంది, బయటపడేదాకా ఊరుకోదు. ఆ నోటితోనే తన కొంప తానే ముంచుకున్నాడు. ఎలా ముంచుకున్నాడో చెబుతాను. నవ్వొస్తే నవ్వుకోండి, మొదట్లో మేమూ నవ్వినవాళ్లమే.

వహీదాది పక్క వీధి. కుర్రతనంలోనే చేసుకున్నాడు. ఒకరంటే ఒకరికి ఎంత ప్రాణమో ఊరందరికీ తెలుసు, వాళ్ల కొట్లాటలూ ఊరందరికీ వినబడేవి. పెళ్లయిన ఏడాదికే మొదటి తలాక్. ఆ రోజు వేటకు పోయి ఒక్క సూర చేప కూడా పడక ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఇంట్లో చేపల చారులో ఉప్పు ఎక్కువైంది. "చారు కాయడం కూడా రాని దానితో నాకేం కాపురం? పో, వదిలేశాను" అని ఆ మాట అనేశాడు. ఆమె ఏడవలేదు, పెట్టె సర్దుకుని తల్లి ఇంటికి పోయింది. వారం తిరక్కుండా అఫీఫ్ అత్తగారి గుమ్మం ముందు తల గోక్కుంటూ నిలబడ్డాడు. తలాక్ అన్నాక మూడు నెలల గడువు ఉంటుంది, ఆ లోపల భార్యను వెనక్కి తెచ్చుకోవాలంటే మళ్లీ నిఖా అక్కర్లేదు. తెచ్చుకున్నాడు.

"ఇంట్లో ఉప్పు ఉందా, అయిపోయిందా?" అని అడిగింది వహీదా దారిలో.

"నువ్వెళ్లాక చారే కాయలేదే, ఉప్పెలా అయిపోతుంది?" అన్నాడు అఫీఫ్.

రెండోది ఇంకా సిగ్గుచేటు. ఈద్ రోజున ఊరంతా రేవులో ఉండగా, కొత్త బట్టలేసుకుని దోనె మీంచి గట్టు మీదికి దూకబోయి నీళ్లలో పడ్డాడు. అందరికంటే ముందు నవ్వింది వహీదాయే. కారుతున్న బట్టలతో పైకొచ్చి, అందరి ఎదుటా మళ్లీ ఆ మాట అన్నాడు. ఈసారి ఆమెకూ పంతం వచ్చింది. గడువు కాస్తా దాటిపోయింది. చివరికి అతని అక్క సఫియ్యా ఇద్దరికీ గడ్డి పెట్టి, సాక్షులను పిలిచి, కొత్తగా నిఖా చేయించింది. విడిపోవడం, కలవడం మా దీవుల్లో పెద్ద వింతేమీ కాదు. ఆ విందులో మేమంతా కడుపు నిండా తిని, కడుపుబ్బా నవ్వి ఇళ్లకు పోయాం.

ఆ తర్వాత చాలాకాలం ఏ గొడవా లేదు. పిల్లలు పుట్టలేదు, ఆ దిగులు ఇద్దరూ సగం సగం మోశారు. అఫీఫ్ జుట్టు నెరిసింది, వేటకు పోయొచ్చిన రోజున నడుం పట్టేసేది. ఇంతలో దీవి చూడ్డానికి తెల్లవాళ్లు రావడం, అద్దెకు గదులు అడగడం మొదలైంది. ఎవరి ఇల్లు ఒడ్డు మీద ఉంటే వాళ్ల పంట పండింది. తూర్పు ఒడ్డున ఖాళీ స్థలాలు పంచుతామని కౌన్సిల్ వాళ్లు ప్రకటించారు. ఇల్లున్న సంసారానికి ఇవ్వరు, నిలువ నీడలేని, విడాకులైన ఆడవాళ్లకు ముందు ఇస్తారు. అది చెవిన పడ్డప్పటి నుంచీ అఫీఫ్ బుర్రను ఏదో తొలిచేస్తూనే ఉంది.

"ఏమే, మనం విడిపోదాం" అన్నాడు ఓ సాయంత్రం ఉయ్యాల బల్ల మీద ఊగుతూ.

"ఇప్పుడు నేనేం చేశాను? ఇంకా పొయ్యే వెలిగించలేదు."

"నీ మొహం. నిజంగా కాదు, ఊరికే. నీ పేరున ఒడ్డు మీద స్థలం వస్తుంది. రాగానే మళ్లీ నిఖా. విల్లా కడదాం. గుమ్మం దిగితే సముద్రం. నువ్వు వండి పెట్టు, నేను వాళ్లను తిప్పుకొస్తాను. ఈ నడుంతో ఇంకెన్నాళ్లు వేటాడను?"

"ఆ మాటతో ఆటలొద్దయ్యా."

"ఊళ్లో సగంమంది ఆడుతున్న ఆటే ఇది."

"వాళ్ల సంగతి నాకెందుకు? మనకి ఇదివరకే..."

"ఇదివరకు ఒక్కటే. చారు గొడవ లెక్కలోకి రాదు. వారంలోపే తెచ్చేసుకున్నానుగా!"

ఎవరు చెప్పారు అతనికి లెక్కలోకి రాదని? ఎవరూ చెప్పలేదు. అడిగిన పాపాన కూడా పోలేదు. మసీదు పక్కనే ఇల్లు, పేరుకు అడిగి చూసినా కొంప నిలబడేది. వహీదాకూ ఆశ లేకపోలేదు. ఒకరి ఇంట్లో పుట్టి, ఇంకొకరి ఇంట్లో కాపురం చేసిన మనిషి, తన పేరున ఒక గోడ ఉంటుందంటే ఆశపడదూ? సరేనంది. ఇద్దరూ కోర్టుకు వెళ్లి, మాకు పడటం లేదని ఖాజీ ముందు చెప్పారు. ఇంతకుముందు ఎన్నిసార్లని ఆయన అడిగితే ఒక్కసారేనన్నాడు అఫీఫ్. వహీదా తల వంచుకుంది. అతను మూడోసారి ఆ మాట అన్నాడు, అదీ నవ్వు ఆపుకుంటూ.

స్థలం వచ్చింది. మంచి స్థలం, ముందు పగడపు గట్టు, వెనక కొబ్బరి చెట్లు. పట్టా చేతికొచ్చిన మర్నాడే తెల్లచొక్కా వేసుకుని ఆమెను కోర్టుకు తీసుకెళ్లాడు.

"మొన్ననేగా పడటం లేదన్నారు?" అన్నాడు ఖాజీ.

"ఇప్పుడు పడుతోంది ఖాజీగారూ."

ఆయన నవ్వలేదు. వహీదా వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చెప్పు. ఈయన ఇంతవరకు నీకు ఎన్నిసార్లు తలాక్ చెప్పాడు?"

అఫీఫ్ పక్కనుంచి కళ్లతోనే సైగ చేశాడు. ఆమె అటు చూసి మొహం తిప్పుకుంది. తర్వాత, "మూడు" అంది.

"మొదటిది లెక్క కాదండీ! కోపంలో అన్నది. వారంలో వెనక్కి తెచ్చుకున్నాను. ఊళ్లో ఎవరినైనా అడగండి!"

"తెచ్చుకున్నావు, కాపురం నిలబడింది. అన్న మాట మాత్రం ఎక్కడికీ పోదు నాయనా. అదీ లెక్కే." ఆ పెద్దమనిషి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మూడూ అయిపోయాయి, ఇంక ఈమె నీకు పరాయిది. ఈమె ఇంకొకరిని నిజంగా పెళ్లాడి, ఆ మనిషి పోయినా, వదిలేసినా తప్ప నువ్వు ఈమెను చేసుకోవడానికి లేదు. దానికోసమని ముందే మాట్లాడుకుని చేసే పెళ్లి పెళ్లే కాదు, పాపం. ఆ ఆలోచన వస్తే ఇక్కడే వదిలేసి వెళ్లు."

బయటికొచ్చాక అఫీఫ్ ఆమెకు అడ్డం తిరిగాడు. "ఒక్క అబద్ధం ఆడలేకపోయావటే? ఒక్కటి?"

"ఆడి నీ పక్కన ఎలా పడుకోను? రోజూ పాపమే అయ్యేది." తర్వాత మా ఆడవాళ్లు పరాయి మగాడు ఎదురైతే చేసే పనే చేసింది, తల మీది గుడ్డను నుదుటి దాకా లాక్కుంది. "మీరు ముందు నడవండి. నేను వెనకాల వస్తాను" అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆమె అతన్ని మీరు అనడం అదే మొదలు. అఫీఫ్ ఇంటిదాకా వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు, రాత్రి దాకా పచ్చినీళ్లు ముట్టలేదు.

స్థలంలో ఏదో ఒకటి కట్టకపోతే వెనక్కి లాగేసుకుంటారు. అందుకని దోనెలో సగం వాటా అమ్మి విల్లా కట్టించాడు. తలుపులు, కిటికీలు చేసింది ఇల్యాస్. పడవలు కట్టే వడ్రంగి, భార్య పోయి చాలాకాలమైంది, పలకరిస్తే తప్ప పలకని మనిషి. వహీదా విల్లాలోకి మారి వంట చూసుకుంది, జనం విరగబడ్డారు. పొద్దున్నే అఫీఫ్ వాళ్లను దోనెలో ఎక్కించుకుని, పోటు తగ్గితే తేలే ఇసుకదిబ్బకూ, పెద్ద పెద్ద టేకు చేపలు రెక్కలాడిస్తూ తిరిగే కాలవకూ, ఎవరూ ఉండని కొబ్బరి దీవికీ తిప్పేవాడు. వాళ్లు గొడుగు కింద అన్నాలు తింటూ, మీ ఆవిడ చెయ్యి అమృతమయ్యా అనేవాళ్లు. అతను తల ఊపేవాడు. పరాయి దేశం వాళ్లకు ఏమని చెబుతాడు?

సాయంత్రం తిరిగొచ్చాక అతని అన్నం వంటింటి కిటికీలోంచి వచ్చేది. గుమ్మం దాటడానికి లేదు. తను ఇటుకలు మోసి కట్టించిన ఇంట్లో ఏ దేశం నుంచి వచ్చినవాడైనా కాళ్లు చాపుకుని పడుకోవచ్చు, తను పడుకోవడానికి లేదు. తన ఒంటరి ఇంట్లో ఉండలేక అక్క సఫియ్యా అరుగు మీద చాప వేసుకునేవాడు. "ఏడవరా, ఏడిస్తే తగ్గుతుంది" అనేది సఫియ్యా. ఏడ్చాడు కూడా. ఏం తగ్గలేదు. పండగలు వచ్చి పోయాయి. మనిషి సగమైపోయాడు, నోరు పూర్తిగా పడిపోయింది. మేం ఎంత కవ్వించినా మారు తిట్టేవాడు కాదు. అది చూసి మాకే భయమేసింది.

అలాంటి రోజుల్లో ఖాజీ వదిలేసి వెళ్లమన్న ఆలోచననే పట్టుకున్నాడు. ఇల్యాస్ పాకకు వెళ్లి, అతను చిత్రిక పడుతున్న చెక్క పక్కన కూర్చున్నాడు.

"వహీదా ఒంటరిగా ఉంది. నువ్వూ ఒంటరివే."

ఇల్యాస్ చిత్రిక ఆపాడు.

"చేసుకో. కొన్నాళ్లు చూడు. తర్వాత నచ్చకపోతే నీ ఇష్టం."

"నచ్చకపోతేనా?"

"అదే, పడకపోతే." అంతకుమించి విప్పి చెబితే పాపం తన నెత్తికి చుట్టుకుంటుందని, కన్ను గీటి లేచొచ్చేశాడు. చూశారా ఈ తెలివి!

కిటికీ దగ్గర వహీదాకూ చెప్పాడు. ఆమె చేతిలో గిన్నె కిటికీ మీద పెట్టేసింది.

"తెలిసే అంటున్నారా?"

"ఇంకో దారేముందే మనకి?"

"నేను పెళ్లి చేసుకుంటే పెళ్లే చేసుకుంటాను. నాటకం నావల్ల కాదు. మీ మనసులో వేరే లెక్కేదైనా ఉంటే ఇప్పుడే కొట్టేసుకోండి. తర్వాత నన్ను అనొద్దు."

ఇంత మాటలో అఫీఫ్ చెవికెక్కింది ఒక్కటే, చేసుకుంటాను అన్నది.

ఇల్యాస్ వహీదాను చేసుకున్నాడు. ఆ పెళ్లి విందుకు చేపలు పట్టి తెచ్చింది అఫీఫే. నెలలు గడిచాయి. ప్రతి సాయంత్రం దోనె కట్టేస్తూ ఇంటివైపు చూసేవాడు, ఇల్యాస్ ఇవాళ తలాక్ చెబుతాడేమో, రేపు చెబుతాడేమో అని. దండెం మీద ఇల్యాస్ చొక్కా ఆరుతూ ఉండేది. విరిగిన మెట్టు కొత్తగా వచ్చింది. ఒకరోజు వంటింట్లోంచి వహీదా నవ్వు వినబడింది. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో అతనికి గుర్తు రాలేదు. ఉన్నపళంగా పాకకు పరిగెత్తాడు.

"ఎప్పుడు?" అన్నాడు రొప్పుతూ.

"ఏది?"

"తెలీనట్టు మాట్లాడకు ఇల్యాస్. ఎప్పుడు చెబుతావు?"

ఇల్యాస్ ఉలి కింద పెట్టాడు. "నువ్వు నచ్చకపోతే అన్నావు. అన్నా, నాకు నచ్చింది."

అఫీఫ్ అతని కాలర్ పట్టుకున్నాడు. ఇల్యాస్ చెయ్యి ఎత్తలేదు, తిరగబడలేదు, పట్టుకోనిచ్చాడు. కొట్టడానికి అఫీఫ్‌కు చెయ్యి రాలేదు. వదిలేసి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"వహీదా, నువ్వు అడుగు. నువ్వు అడిగితే వదిలేస్తాడు."

"అవును, వదిలేస్తారు. ఆయన అలాంటి మనిషే." పొయ్యి మీది గిన్నె దించి, చేతులు తుడుచుకుని వచ్చింది. "నేను అడగను."

"నేనంటే ఇష్టం లేదా నీకు?"

"లేదని ఎవరన్నారు? ఇష్టం ఉండబట్టే వదిలేసిన ప్రతిసారీ తిరిగొచ్చాను. ఎలాగూ వస్తానని మీకు తెలుసు. అందుకే ఆ మాట మీకు అంత తేలికగా వచ్చేది. చారు కోసం అన్నారు, నవ్వినందుకు అన్నారు, చివరికి స్థలం కోసం నవ్వుతూ అన్నారు. ఆయనకు కోపం వస్తే బయటికి పోయి చెక్క చిత్రిక పట్టుకుంటారు. ఆ మాట ఆయన నోటికి రాదు. పొద్దున లేచేసరికి ఈ ఇంట్లో ఉంటానో ఉండనో అన్న బెంగ లేకుండా నిద్రపోతున్నాను. ఇన్నేళ్లకు ఇప్పుడు."

అఫీఫ్ కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. వహీదా కళ్లు తుడుచుకుని, అతని అన్నం గిన్నె కిటికీలోంచి అందించింది.

"రేపు పొద్దున ఆరుగురున్నారు, ఇసుకదిబ్బకు పోవాలట. మీరు వస్తారా, ఇంకో పడవ చెప్పమంటారా?"

"వస్తాను" అన్నాడు. రాక ఎక్కడికి పోతాడు? రోజుకు రెండు పూటలా ఆమె మొహం చూడటానికి అతనికి మిగిలింది ఆ కిటికీ ఒక్కటే.