రెండున్నర మూరల తువ్వాల

ముందే చెబుతున్నాను, నా చేతిరాత కోడిగీతల్లా ఉంటుంది. మా ఊరి బడిలో ఏడో తరగతి వరకే చదివాను, ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తెలియదు. నోటుబుక్కులో నేను రాసింది మా అమ్మాయి సుజాత ఫోనులో కొట్టి ఇక్కడ పెడుతోంది. తప్పులుంటే నావే, మన్నించండి. కరీంనగర్ నుంచి ఇచ్చోడ వైపు పోయేవాళ్లకు దారి తెలుస్తుందని రాయమంది. నేను రాస్తున్నది మాత్రం మా అన్న కోసం.

మా అన్న పేరు నర్సయ్య. మాది వేములవాడ దగ్గర నేత పని చేసుకునే ఊరు. మా నాన్నను బాపు అంటాం, ఆయన పోయినప్పుడు అన్నకు పద్నాలుగేళ్లు, నాకు ఎనిమిది. అన్న బడి మానేసి నన్ను బడికి పంపాడు. తర్వాత ఇద్దరం సాంచల మీద, అంటే పవర్‌లూముల మీద, కూలికి నేశాం. కానీ అన్న ఇంట్లో చేతి మగ్గం తీసేయలేదు. దాని మీద తువ్వాలలు నేసి, చలికాలంలో మూట కట్టుకుని ఆదిలాబాద్ వైపు వారానికోసారి జరిగే అంగళ్లకు పోయేవాడు. వచ్చేటప్పుడు తువ్వాలలో సీతాఫలాలు కట్టుకొచ్చి, మెత్తబడ్డ పండు ఒకటి చూసి సుజాత బడిసంచిలో పెట్టేవాడు. దాని పుస్తకాలన్నీ జిగటే. అయినా పెద్దబాపును ఒక్క మాట అననిచ్చేది కాదు.

ఇచ్చోడకు కొంచెం లోపల ఒక ఊరిలో విఠల్ అనే ఆయనకు పిండి గిర్ని ఉంది. ముప్పై ఏళ్ల కింద ఒక చలి రాత్రి మా అన్నను ఆ గిర్నిలో గోనెసంచులు పరిచి పడుకోనిచ్చాడట. మరుసటి ఏడు అన్న ఆయన కోసమే ఎర్ర అంచు తువ్వాల ఒకటి నేసి తీసుకుపోయాడు. అప్పటి నుంచి ఏటా అంతే. మోకాళ్లు నొచ్చి అమ్మకం మానేశాక కూడా, ఆ ఒక్క తువ్వాల ఇవ్వడానికే కార్తీకం అయిపోయాక వచ్చే మొదటి అంగడికి పోయేవాడు. రెండేళ్ల నుంచి నన్నూ రమ్మన్నాడు. "పడుగు అయిపోనీ అన్నా, వస్త" అన్నాను. మగ్గం మీద నిలువు పోగుల పడుగు ఎప్పుడు అయిపోతుంది? ఒకటి అయితే ఇంకోటి ఎక్కుతుంది.

మొన్న బతుకమ్మకు ముందు అన్న ఆ తువ్వాలే నేస్తూ గుండె బరువుగా ఉందన్నాడు. కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయాం. ఇంటికి తిరిగి రాలేదు.

మగ్గం మీద తువ్వాల రెండున్నర మూరల దగ్గర ఆగి ఉంది. పూర్తి తువ్వాల నాలుగు మూరలు. నేను పూర్తి చేద్దామని కూర్చుని జానెడు నేశాను. పోగును బిగించడంలో అన్న దెబ్బ గట్టిది, నాది వదులు. ఎక్కడ ఆయన ఆగాడో, ఎక్కడ నేను మొదలుపెట్టానో గుడ్డివాడు కూడా తడిమి చెబుతాడు. నేసింది విప్పేశాను. అన్న నేసినంత వరకే కోసి మడత పెట్టాను.

విఠల్‌కు ఫోను లేదు. అన్న పోయిన సంగతి ఆయనకు చెప్పేవాళ్లు లేరు. అంగడి వచ్చిందంటే గిర్ని గుమ్మంలో నిలబడి దారి చూస్తాడు. నేను పోవాలి. నలుగురిలో నోరు తెరవలేని మనిషిని, చావు కబురు చెప్పాలి. సుజాత "నేను వస్త బాపు, నువ్వు చెప్పకుంటె నేను చెప్త" అంది.

ముందురోజే కరీంనగర్‌లో సుజాత ఇంటికి చేరుకున్నాను. పొద్దున అయిదున్నరకు ఆదిలాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్లకు ఫ్రీ కాబట్టి కండక్టరమ్మ సుజాతకు జీరో టికెట్ కొట్టింది. నా ఒక్కడికి ఇచ్చోడకు మూడు వందల చిల్లర అయింది.

"ముసలోళ్లకు ఫిరీ లేదా అమ్మా?" అని వెనక సీటాయన అడిగాడు.

"చీర కట్టుకొని రా తాతా, కొడ్త" అంది కండక్టరమ్మ. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. అన్న పోయాక నవ్వడం అదే మొదలు, వెంటనే తప్పు చేసినట్టనిపించింది.

జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ దాటాక సోన్ దగ్గర గోదావరి వంతెన వస్తుంది. అందరూ కిటికీల్లోంచి దండం పెట్టారు. ఈ నీళ్లే కిందికి ధర్మపురికి పోతాయి. అన్న అస్థికలు అక్కడే కలిపాం. ప్రతి ఏడూ ఈ వంతెన మీద ఆయన బస్సులో ఒక్కడే కూర్చుని పోయాడు, ఖాళీగా ఉన్న పక్క సీటు నాది. పది గంటలకు నిర్మల్. బస్సు పావుగంట ఆగుతుంది, చాయ్ అక్కడే తాగండి. తర్వాత ఘాట్ మలుపులు, టేకు చెట్లు, చల్లగాలి. పదకొండున్నరకు ఇచ్చోడలో దిగాం.

అక్కడి నుంచి షేర్ ఆటో, మనిషికి ముప్పై. ఆటో అతను అద్దంలో నన్నే చూస్తున్నాడు.

"తువ్వాలల తాత నీకేమైతడు?"

"అన్న."

"అనుకున్న. గదే ముక్కు. ఏడి, ఈసారి రాలే?"

సుజాత నోరు తెరవబోయింది. చెయ్యి పట్టి ఆపాను. ముందు వినాల్సింది విఠల్. "నేను వచ్చిన" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు.

మా అవ్వ ఒక మాట గట్టిగా చెప్పేది. చావు కబురు తీసుకుపోయినవాడు గడప అవతల నిలబడే చెప్పాలి, చెప్పకముందు ఆ ఇంటి నీళ్లు ముట్టకూడదు. దారంతా అదే అనుకుంటూ పోయాను. గడప దగ్గర నిలబడతాను, "అన్న పోయిండు" అంటాను, రెండే మాటలు.

గిర్ని నడుస్తోంది. పిండి పడి కనుబొమ్మలు కూడా తెల్లబడ్డ పెద్దాయన జొన్నలు పోస్తున్నాడు. నన్ను చూసి డబ్బా కింద పెట్టి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఆవ్ భావు, ఆవ్!" రా తమ్ముడా రా అని అక్కడి మాట. "నర్సన్న తమ్మునివి గదా! లచ్చయ్యవు! వాడేడి? బస్సుల పండుకొని ఆదిలాబాద్ దాక పోయిండా?"

నేను నోరు తెరిచాను. గిర్ని చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు. గడప దాటేశాను. బల్ల మీద కూర్చోబెట్టి చెంబు చేతిలో పెట్టాడు. తాగకుండా ఎట్లా తిరిగిస్తాను? తాగేశాను. తాగాక గుర్తొచ్చింది.

"మా తమ్ముడు నోట్లె నాలుక లేనోడు, గాని ఏడు జమాత్‌లు సదివిండు అని ముప్పయేండ్లు నా చెవులు తిన్నడు" అన్నాడు విఠల్. "నేనన్న, జర ఆ సదువుకున్న దొరను తోలుకరా, సూస్త అని. ఇయ్యాల తెచ్చిండు. సిగ్గుపడి ఎనుక దాసుకున్నడా ముసలోడు?"

చెప్తానన్న సుజాత కూడా తల తిప్పుకుంది. సంచిలోంచి తువ్వాల తీసి ఇచ్చాను.

"ఇది లేకుంటె నాకు చలికాలం రాదు" అంటూ చేతులు దులుపుకుని విప్పాడు. ఎర్ర అంచు చూసి మురిసిపోయాడు. ఏటా చేసినట్టే మోచేతి నుంచి వేలి చివర వరకు పట్టి కొలిచాడు. "ఒకటి... రెండు..." తర్వాత గుడ్డ అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి కొలిచాడు.

"గిదేంది భావు? నర్సన్న నాకు నాలుగు మూరలకు ఏలెడు తక్కువ నెయ్యలే ఎన్నడు."

చివర చూశాడు. అన్న ప్రతి తువ్వాలకు చివరి పోగులు జడలా ముళ్లు వేసేవాడు. దీనికి ముళ్లు లేవు. పోగులు ఊరికే వేలాడుతున్నాయి. ఆయన వాటిని వేళ్లతో దువ్వాడు. తర్వాత లేచి గిర్ని ఆపాడు. పిండి కోసం కూర్చున్న ఆడవాళ్లతో "ఇయ్యాల బంద్ అమ్మా, రేపు రాండ్రి" అన్నాడు. వాళ్లు గంపలు ఎత్తుకుని పోయారు.

అంత నిశ్శబ్దంలో "ఎప్పుడు?" అన్నాడు.

"బతుకమ్మ ముంగట" అన్నాను.

గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. కళ్ల నీళ్లు ముఖం మీది పిండిలో చారలు కట్టాయి. నేను చేసిన తప్పు చెప్పుకున్నాను, కబురు చెప్పకముందే నీళ్లు తాగానని.

"వాడు నీళ్లు తాగకుంట ఈ గడప దిగిండా ఎన్నడన్న? తాగినవు, మంచిదైంది. ఇగ తిను" అన్నాడు. వాళ్ల ఇల్లాలు ఏడుస్తూనే జొన్నరొట్టెలు కొట్టింది. పచ్చిమిర్చి తొక్కుతో తిన్నాం. పెద్దబాపు పడుకునే చోటు ఏదని సుజాత అడిగితే, గిర్ని పక్కన వెచ్చటి గోడ చూపించాడు. మా అమ్మాయి ఆ గోడకు చెంప ఆనించి నిలబడింది.

లేవబోతుంటే విఠల్ ఆ పొట్టి తువ్వాల భుజాన వేసుకుని "వచ్చే ఏడు నాలుగు మూరలది తే" అన్నాడు.

"నాతోని కాదన్నా. నా దెబ్బ వదులు."

"వదులైతె గాలొస్తది. తే."

మూడున్నరకు ఇచ్చోడలో బస్సు దొరికింది, రాత్రి తొమ్మిదిన్నరకు కరీంనగర్.

అన్న నన్ను రమ్మన్నది తువ్వాల మోయడానికి కాదని ఇప్పుడు తెలిసింది. తన తమ్ముణ్ణి తన దోస్తుకు చూపించుకోవాలనుకున్నాడు. ఒక్క రోజు పని. రెండేళ్లు ఇవ్వలేకపోయాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కడికైనా రమ్మంటే పడుగు ఆపి పోండి. పోయేవాళ్లకు ఒక సలహా: ఇచ్చోడ నుంచి లోపలి ఊళ్లకు అంగడి రోజే పోండి, మిగతా రోజుల్లో షేర్ ఆటోలు నిండవు, గంటలు కూర్చోవాలి.

ఇంకో మాట. అన్న మగ్గం మీద పడుగు వేశాను. రోజూ జానెడు నేస్తున్నాను, విప్పుతున్నాను. దెబ్బ కొంచెం గట్టిపడింది. అంచుకు అన్న వాడిన ఎర్ర నూలు మాత్రం అయిపోయింది. నల్లగా మారని, ఉతికితే దిగని పాత ఎరుపు అది. ఎక్కడ కొనేవాడో అడిగి పెట్టుకోలేదు. తెలిసినవాళ్లు దయచేసి కింద రాయండి, తొందరగా రాయండి. విఠల్‌కు ఎనభై దాటాయి.