కాత్యాయని కోసి చూసిన కాకి

కాత్యాయని తిరుపతిలో పశువైద్యం చదివి, సింగపూర్‌లో చచ్చిన పిట్టల్ని కోసి చూసే ఉద్యోగం సంపాదించుకుంది. ఊళ్లో ఎక్కడ పిట్ట చచ్చి పడినా సంచిలో పెట్టి ఆమె బల్ల మీదికి పంపేవారు. అది ఏ జబ్బుతో పోయిందో, అసలు జబ్బుతోనే పోయిందో లేదో తేల్చి చెప్పడం ఆమె పని. పేరుకి ముందు డాక్టరని ఉండేసరికి, బిషాన్ పేటలో ఇల్లు తీసుకున్న కొత్తలో తెలుగువాళ్ల విందుల్లో అందరూ ఆమె చుట్టూ మూగి మోకాళ్ల నొప్పులు చెప్పుకున్నారు. అసలు సంగతి తెలిశాక ఆమె తీసుకెళ్లిన పులిహోర గిన్నె మూత తియ్యకుండానే ఇంటికి తిరిగివచ్చేది.

దానికి తోడు ఉన్నమాట మొహం మీదే అనేసే రకం. అవి ఐటీ ఉద్యోగాలు జోరుమీదున్న రోజులు. చాంగీ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి, వాటినిండా మనవాళ్లు చేరుతున్నారు. అలాంటి ఓ మేడలో మేనేజరుగా ఉన్న రంగనాథ్, తమ ఆఫీసు గుమ్మం ముందు పిట్టలు చచ్చి పడుతున్నాయని, ఏం రోగమో చూడమని ఒకసారి అడిగాడు. కాత్యాయని చూసింది.

"రోగం కాదండీ, మీ బిల్డింగే. అద్దంలో కనపడే చెట్లని నిజం చెట్లనుకుని వచ్చి గుద్దుకుంటున్నాయి."

వాస్తు చూసి మరీ ఎంచుకున్న బిల్డింగుని అంత మాట అన్నందుకు రంగనాథ్ చాలాకాలం ఆమెకి మొహం చాటేశాడు.

అలాంటివాడు ఒక ఆదివారం మధ్యాహ్నం చెమటలు కక్కుతూ వచ్చి ఆమె ఫ్లాటు తలుపు కొట్టాడు. చేతిలో మిఠాయి అట్టపెట్టె. అందులో చచ్చిన కాకి.

ఆ రోజు అతని తండ్రి సంవత్సరీకం. ఆ ఊళ్లో కాకులంటే సర్కారుకి పడదు, తుపాకులతో కాల్పించి మరీ తగ్గిస్తోంది. మనవాళ్లు కూడా మిగతా రోజుల్లో కాకిగోల భరించలేమని ఫిర్యాదులు చేసేవారే. తద్దినం నాడు మాత్రం మెడలు నొప్పెట్టేలా ఆకాశంలోకి చూసేవారు. రంగనాథ్ వాళ్ల కాండో అపార్టుమెంట్లలో వేరే చోటు లేక, కింద బార్బెక్యూ పొయ్యి పక్కనే అరిటాకు పరిచారు. అతని తల్లి భ్రమరాంబ తన చేత్తో వేసిన గారెలు అందులో పెట్టి "రండీ" అని పిలిచింది. పిలవగానే కాకి వాలింది. అందరూ ఆనందంగా దండాలు పెట్టారు. కాకి గారె అందుకుంది, కాస్త పక్కకి గెంతింది, గిలగిలా తన్నుకుని ప్రాణం వదిలింది.

"అమ్మ అప్పట్నించీ మంచినీళ్లు కూడా ముట్టట్లేదండీ," అన్నాడు రంగనాథ్. "నాన్నగారికి షుగరూ బీపీ అని డాక్టర్లు చెబితే చివర్లో గారెలు పెట్టడం మానేసింది. ‘ఆయనకి ఆ కోపం పోలేదు, నా చేతి వంట వద్దనే ఇలా చేశారు’ అని ఒకటే ఏడుపు. అసలు కాజ్ ఏంటో మీరే ఫైండవుట్ చెయ్యాలి, ప్లీజ్."

సెలవైనా కాత్యాయని ల్యాబుకి వెళ్లింది. కాకి నిగనిగలాడుతోంది. గుండె బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి, ఒంట్లో కొవ్వు కూడా దండిగానే ఉంది. గొంతు తెరిచి చూస్తే గాలి పోయే దారికి అడ్డంగా పెద్ద గారె ముక్క. ఇంకే పరీక్షా అక్కర్లేదు.

చచ్చిన పిట్ట విషయంలో ఇంతవరకు ఎవరికీ అబద్ధం చెప్పి ఎరగదు కాత్యాయని. కానీ మొగుడికి పెట్టలేకపోయిన గారె ఏడాది తర్వాత పెట్టుకున్న మనిషితో, ఆ గారే చంపిందని ఎలా చెప్పడం? ట్రైన్‌లో కూర్చున్నంతసేపూ ఆ పెద్దావిడ మీద జాలి పొంగుకొచ్చింది. రంగనాథ్ ఇంట్లో సోఫా అంచున కూచుని, ఎవరి మొహమూ చూడకుండా చెప్పేసింది.

"మీ గారె వల్ల కాదాంటీ. దానికి ముందే ఏదో జబ్బుంది."

ఆ ఏడు చుట్టుపక్కల దేశాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లని గోతుల్లో పూడుస్తున్నారు. జబ్బనే మాట చెవిన పడగానే రంగనాథ్ భయంతో ఎగిరిపడ్డాడు. మొహానికి మాస్కు కట్టుకున్నాడు. కాకి దగ్గర కూచున్నది ఆవిడే కాబట్టి కన్నతల్లిని గదిలో పెట్టి తలుపేశాడు. భోజనానికి వచ్చి వెళ్లినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. ఫోన్ పెట్టెయ్యకముందే ఒకాయనకి దగ్గు మొదలైంది, ఇంకొకాయన ఇన్సూరెన్సు కాగితాలు ఎక్కడున్నాయని భార్యని కేకేశాడు. పొద్దున్న దండాలు పెట్టించుకున్న కాకి సాయంత్రానికి మహమ్మారి అయి కూచుంది.

కాత్యాయనికి ఒళ్లు మండింది, ముందు తన మీదే. "ఆ ఫోన్ పెట్టెయ్యండి," అని రంగనాథ్‌ని కసిరి, గది తలుపు తీసుకుని లోపలికి వెళ్లి మంచం మీద భ్రమరాంబ పక్కన కూచుంది.

"ఆంటీ, మీరు బాధపడతారని అబద్ధం చెప్పాను. దానికి ఏ జబ్బూ లేదు. మీ గారే గొంతుకి అడ్డంపడింది. నన్ను క్షమించండి."

భ్రమరాంబ తలెత్తి ఆమె వైపు తిరిగింది.

"అంటే వద్దని వదిలెయ్యలేదా అమ్మాయ్?"

"లేదాంటీ. ఆత్రంగా మింగబోయింది."

"కొరక్కుండా?"

"కొరక్కుండానే."

ముసలావిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని కాత్యాయని ఆవిడ చెయ్యి పట్టుకుంది. కళ్లలో నీళ్లున్న మాట నిజమే కానీ ఆవిడ నవ్వుతోంది.

"ఆయనేనే తల్లీ! పెళ్లయిన నాటినించీ నెత్తీ నోరూ కొట్టుకున్నాను, ఎవరూ లాక్కుపోరు, నెమ్మదిగా నమిలి తినండీ అని. ఒక్కనాడు విన్నారా?" కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఒరే రంగా, నాకో రెండు గారెలు పట్రా. పొద్దున్నించీ ఏం తినలేదు."

జబ్బు భయంతో గారెలన్నీ అప్పటికే మందునీళ్లు చల్లి చెత్తలో పారబోశానని చెప్పడానికి రంగనాథ్‌కి నోరు రాలేదు.