మధ్యాహ్నం పూట పీకిన వైరు

ఈ మాట నా లోపల పడి ఏళ్లయింది. గుండె మీద రాయిలా ఉంటుందని అంటారు కదా, నాకు అలా కాదు. తిమ్మిరెక్కిన కాలులా ఉంటుంది. లేచి నడవబోతేనే తెలుస్తుంది. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఇంకొకామె రాస్తోంది. నా పేరు రాయొద్దన్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఆయన పోయిన ఏడాది కోదాడలో ఒక ఆడపిల్లల హాస్టల్లో పనికి కుదిరాను. ఊడవడం, తుడవడం, గిన్నెలు తోమడం. యజమానికి సూర్యాపేటలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి, ఇక్కడ ఒకటి, మూడు హాస్టళ్లు. ఆయన ఉండేది సూర్యాపేటలో. ఒకరోజు మెట్ల దగ్గర పైకప్పుకు పళ్లెమంత తెల్లటి డబ్బా బిగించారు. పిల్లల ఫోన్లకు వైఫై అందులోంచే వస్తుందట. నడుమ చిన్న నీలం లైటు. బిగించినతనిది చివ్వెంల దగ్గర ఊరు, నలభై ఏళ్ల మనిషి. మూడు హాస్టళ్లకూ బండి మీద తిరిగి అవన్నీ అతనే చూసుకునేవాడు. సారు సూర్యాపేటలో కూర్చున్నా ఇక్కడి సంగతంతా ఫోన్లో కనబడుతుందని అతను వార్డెనమ్మతో అంటుంటే విన్నాను.

కనబడుతుందంటే, నేను కనబడతాననుకున్నాను.

పని అయ్యాక ఆ మెట్ల కిందే కొంగు పరుచుకుని పడుకునేదాన్ని. మా ఆయన పోయాక రాత్రిళ్లు కన్ను మూతపడేది కాదు, ఆ మధ్యాహ్నపు కునుకే నా నిద్ర. జాకెట్టు వదులు చేసుకుని, నోరు తెరుచుకుని పడుకున్న మొగుడు చచ్చినదాన్ని, సారు ఫోన్లో చూస్తుంటాడా? ఎవరినైనా అడగాల్సింది. సిగ్గేసింది. వార్డెనమ్మ భోజనానికి ఇంటికి పోగానే ఆ డబ్బా వైరును బోర్డు నుంచి పీకేదాన్ని. నీలం లైటు ఆరిపోయేది. లేచాక మళ్లీ పెట్టేదాన్ని. అంతే.

అది ఆగినప్పుడల్లా సారు ఫోన్‌కు కబురు పోయేదట. గదుల్లో ఆన్‌లైన్ క్లాసులు వినే పిల్లలూ గోల చేసేవారు. పాపం అతను సూర్యాపేట నుంచి బండేసుకుని వచ్చేసరికి నేను వైరు పెట్టేసి ఉండేదాన్ని. వచ్చి చూస్తే అంతా బాగానే ఉండేది. వైరు మార్చాడు. ప్లగ్గు మార్చాడు. నిచ్చెనెక్కి డబ్బా వెనక సన్న పుల్లతో నొక్కి, లైటు మళ్లీ నీలం అయ్యేదాకా మెడ ఎత్తి నిలబడ్డాడు. చివరికి ఈ డబ్బాను మిర్యాలగూడకు తీసుకుపోయి, అక్కడిది తెచ్చి ఇక్కడ పెట్టాడు. ఇక్కడిది అక్కడ శుభ్రంగా నడిచింది. అక్కడ నడిచింది ఇక్కడికొచ్చి మధ్యాహ్నం పూట చావడం మొదలుపెట్టింది.

కింద నిచ్చెన పట్టుకున్నది నేనే. నా పనికీ అతని తిప్పలకూ సంబంధం ఉందని నాకు తెలియదా? తెలియదనే ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. తెలుసు.

ఒకరోజు నేనిచ్చిన చాయ్ తాగుతూ మెట్ల మీద కూర్చున్నాడు.

“ఈ డబ్బకు నేనంటే భయమో సిగ్గో తెలుస్తలేదక్కా. నేను రాకముందు సచ్చిపోతది. నా బండి సప్పుడు ఇనంగనే లేసి కూసుంటది.”

“దీంట్లకెళ్లి సారు మనల్ని సూస్తడంట గద తమ్మీ?”

నవ్వాడు. “దాంట్ల కెమెరా యాడిదక్కా. నడుస్తుందా, ఆగిందా, గంతే కనవడతది సారుకు.” గ్లాసు కింద పెట్టాడు. “అక్కా, ఒక్కటడుగుత, ఏమనుకోకు. పగటిపూట ఎవరన్న దీని వైరు పీకుతున్నరా? నువ్వు పీకినా సెప్పు, ఏం గాదు. నాకు పనే రాదంటున్నడు సారు. ఈ నెలతోని బంద్ జేస్తడంట.”

“నాకేం ఎరుక తమ్మీ. నేను గా వైరు దిక్కే పోను.”

ఎందుకన్నాను? అతను దారి తెరిచే అడిగాడు కదా. కానీ ఇంతకాలం ఆ డబ్బాను సారు కన్ను అనుకుని భయపడ్డానంటే పిల్లలు నవ్వుతారు, పనివేళ పడుకుంటున్నానని వార్డెనమ్మకు తెలుస్తుంది. అంత చిన్న సిగ్గు కోసం.

ఎవరో వైరు పీకుతున్నారని అతను సారుకు చెప్పాడు. వార్డెనమ్మ ఫోను నా చెవికి పెట్టింది. నాకు తెలియదు సారూ అన్నాను. తనకు పని చేతగాక మొగుడు లేని ఆడమనిషి మీద నెడతాడా అని సారు అతని మీదే మండిపడ్డాడు. ఆ మాట విని కూడా నేను నోరు తెరవలేదు. ఆ నెలతో అతన్ని తీసేశారు. నాకు ఏడుపు రాలేదు. ఏమీ అనిపించలేదు. వెళ్లి గిన్నెలు తోముకున్నాను.

ఇంతకన్నా చెప్పలేనిది ఇంకొకటుంది. కెమెరా లేదన్నా పూర్తిగా నమ్మకం కుదరక పీకుతూనే ఉన్నాను, ఆ ఫోను వచ్చిన రోజు నుంచి మాత్రం వైరు ముట్టలేదు. మంచితనం కాదు, భయం. లైటు మళ్లీ ఆరలేదు. కొత్తగా వచ్చినతను ఏమీ చేయకుండానే అంతా బాగుపడింది. చూశారా, లోపం వాడిలోనే ఉందన్నాడు సారు. నేను తప్పు మానుకోవడమే అతని తప్పుకు రుజువైంది. ఇంకొక్కసారి పీకి ఉంటే అతన్ని మళ్లీ పిలిచేవారేమో. అదీ ఆలోచించాను. చెయ్యి పోలేదు.

పని రానివాడని పేరు పడితే ఇంకెవరు పిలుస్తారు? ఊరికి పోయి కూలి పనులకు వెళుతున్నాడని విన్నాను. తర్వాత ఒకసారి సూర్యాపేట బస్టాండులో కనబడ్డాడు. అక్కా అనే పలకరించాడు. నా మోకాళ్ల నొప్పి అడిగాడు. ఆ డబ్బా దగ్గర తాను ఎక్కడ తప్పాడో ఇప్పటికీ తెలియలేదనీ, తనకు ఆ పని నిజంగానే రాదేమో అనీ అన్నాడు. కోదాడ బస్సొచ్చింది. ఎక్కేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరిచ్చేది కాదు. ఇప్పుడు నాకు ఆ హాస్టల్ పని కూడా లేదు, పోయేదేమీ లేదు కాబట్టే చెబుతున్నానేమో. అదీ తెలుసు. వైరు పీకింది నేను. అబద్ధమాడింది నేను. ఇంత గట్టిగా అనడం ఇదే మొదలు. అన్నాక ఊపిరి కొంచెం కిందిదాకా పోయింది.

రాస్తున్నామె చెయ్యి ఆపింది. ఇది అతను చదివితే ఎట్లా అని అడిగింది.

చదవనీ అన్నాను. తనకు పని వచ్చని తెలుస్తుంది.