పిన్నీసూ, పిస్టలూ

సౌదీలోని నజ్రాన్‌లో నేను పనిచేసే ఆసుపత్రి గుమ్మం దగ్గర ఒక బోర్డు ఉంటుంది. పిస్టల్ బొమ్మ, దాని మీద ఎర్రటి అడ్డగీత. కొత్తలో అది చూసి, సిగరెట్ వద్దనే బోర్డు పక్కన దీని అవసరం ఏమొచ్చిందా అనుకున్నాను. తరవాత తెలిసింది. యెమెన్ సరిహద్దు ఊరది. పెద్దవాళ్లు పెళ్లికి వెళ్లాలంటే నడుముకి జంబియా అనే వంపు కత్తి ఉండాల్సిందే. లైసెన్సు ఉన్న కొందరు పొడవాటి తెల్ల అంగీ కింద పిస్టల్ కూడా పెట్టుకుంటారు. కత్తి అందరికీ కనపడాలి, పిస్టల్ ఎవరికీ కనపడకూడదు. అదీ అక్కడి మర్యాద.

ఆ మర్యాదకీ నా ఉద్యోగానికీ పొసగదు. నేను ఎమ్మారై టెక్నీషియన్ని. మా గదిలో అయస్కాంతానికి సెలవులుండవు. ఇనుము గుమ్మం దాటిందంటే చేతిలోంచి లాగేసుకుంటుంది, మధ్యలో మనిషి ఉన్నాడా అని చూడదు. ఆకర్షణ అనే మాటకి ప్రేమలేఖల్లో లేని అర్థం ఒకటుందని నాకు అక్కడే తెలిసింది.

ఆ పెద్దాయనది ఊరికి దూరంగా ఖర్జూరం తోట. వెన్నులో నరం నొక్కుకుపోయి ఎడమ కాలు మొద్దుబారుతోంది. స్కాన్ చూడందే ఆపరేషన్ చెయ్యనన్నాడు సర్జన్. ఆలస్యమైతే కాలు పడిపోవచ్చని కాగితం మీదే రాసి పంపాడు. ఆ కాగితం పట్టుకుని ఆయన హాల్లో కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి, మీ దగ్గర ఆయుధం ఉందా అని అరబ్బీలో అడిగాను. నా అరబ్బీ పదును లేని కత్తి, కోయదు కానీ గీరుతుంది. ఆయన పలకలేదు. చెవుడేమో అనుకుని ఇంకా గట్టిగా అడిగాను. హాల్లో ఉన్న పదిమందీ ఆయన వైపు తిరిగారు. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కర్ర పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఈ సంగతి మా ఏసీ మెకానిక్‌తో చెప్పాను. జగిత్యాల వైపు మనిషి, పద్దెనిమిదేళ్లుగా నజ్రాన్‌లోనే ఉన్నాడు. అతను చేతిలో పట్టుకున్న చపాతీ ముక్క వదిలేశాడు.

“ఎంత పని జేసినవ్ సారూ. నలుగుర్ల ఆయుధమున్నదా అని అడుగుతె ఏమన్నట్టు? నువ్వు ఎవలనో కొట్టనీకి వచ్చినవా అన్నట్టు.”

“మరి ఎలా అడగాలన్నా?”

“అడగద్దు. ముందుగాల నీ జేబులల్ల ఉన్నయి దీసి పెట్టు. ఆయన జూస్తడు. అటెన్క ఆయనే దీస్తడు.”

ఆ తోటలో మోటారు బాగుచేసిన పరిచయం అతనికి ఉంది. వెళ్లి ఏం చెప్పాడో అడిగితే, “సారు మంచోడే, మాటనే మొద్దుది అని చెప్పిన” అన్నాడు. కాదనడానికి నా దగ్గర ఆధారాలేమీ లేవు.

నాలుగు రోజులకి పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి హాల్లో కాదు, పక్కగదిలో కూర్చోబెట్టాను. మా ఇద్దరి మధ్యా ఒక ట్రే పెట్టి, ఫోను, తాళాలు, పెన్ను, వాచీ, బెల్టు, ఒక్కొక్కటే తీసి అందులో వేశాను. ఆయన అన్నీ చూశాడు. చూసి, నడుము పట్టీ విప్పి జంబియాని నెమ్మదిగా ట్రేలో పెట్టాడు, పిడి నా వైపుకి వచ్చేలా. తరవాత ముందుకి వంగి, తలుపు దగ్గరున్న ఏసీ మెకానిక్‌కి కూడా వినపడనంత చిన్నగా, ఇంకొకటి ఉందన్నాడు. పొద్దున తోట నుంచి తిన్నగా ఇటే వచ్చాడట. ఒంటి మీద ఉన్న సంగతే మర్చిపోయాడట.

అడక్కుండానే చెప్పాడన్న సంబరంలో నేను రెండో తప్పు చేశాను. నా సొరుగు లాగి, ఇందులో పెట్టండి, తాళం వేస్తానన్నాను. ఆయన రెండు వేళ్లతో సొరుగుని మళ్లీ లోపలికి తోశాడు.

“లైసెన్సు నా పేరున ఉంది, దక్తూర్. నీ సొరుగులో దొరికితే నేరం నీదవుతుంది. పైగా ఈ కప్పు కింద దాన్ని బయటికి తియ్యకూడదు. గుమ్మం దగ్గర బోర్డు పెట్టారుగా.”

నేను డాక్టర్ని కాను. కానీ అంత మర్యాదగా పిలిచిన మనిషిని సరిదిద్దబుద్ధి కాలేదు.

తన కారులోనే పెట్టి వస్తానని లేచాడు. కారు పార్కింగులో చివరి వరసలో ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండ. ఏసీ మెకానిక్ చక్రాల కుర్చీ తెచ్చాడు. ఆయన వద్దన్నాడు. కూర్చుంటే అంగీ నడుము దగ్గర బిగుస్తుందట, ఆకారం బయటపడుతుందట. హాల్లో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు, భయపడతారన్నాడు. అందుకని నడిచాడు. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. ముందు ఆయన, అడుగడుక్కీ ఎడమ కాలు ఈడుస్తూ. వెనక ఖాళీ కుర్చీ తోసుకుంటూ మా మెకానిక్. నా వల్ల ఒకసారి, నా కోసం ఒకసారి నడిచాడా మనిషి, నడవలేని కాలితో. ఇంట్లో టీవీ రిమోట్ పక్కగదిలో ఉంటే పాత ఛానలే చూసే రకం నేను.

తిరిగొచ్చేటప్పుడు మాత్రం పేచీ లేకుండా కుర్చీలో కూర్చున్నాడు. చెప్పకముందే చేతులు చాచాడు. ఇనుముంటే మోగే డిటెక్టర్‌ని ఆయన ఒళ్లంతా తిప్పాను. చప్పుడు లేదు. హమ్మయ్య అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నానో లేదో, నా నడుము దగ్గర అది కుయ్యిమంది.

ముగ్గురం ఆగిపోయాం. “మొలతాడా సారూ?” అన్నాడు మెకానిక్.

మొలతాడే. ముందురోజు తెగింది. నజ్రాన్‌లో మొలతాళ్లు ఎవరమ్ముతారు? ఊరి నుంచి వచ్చే మనిషి తెచ్చేదాకా అని రెండు కొసలూ పిన్నీసుతో కలిపాను. ఒంటి మీద ఉన్నదాన్ని మర్చిపోవడం ఆయనొక్కడికే వచ్చిన విద్య కాదన్నమాట. ఆయన మర్చిపోయానని తనే చెప్పాడు, నన్ను మిషను పట్టిచ్చింది.

చొక్కా ఎత్తి పిన్నీసు వెతుక్కుంటుంటే సిగ్గేసింది. ఆయన నవ్వుతాడేమోనని తలెత్తాను. పెద్దాయన కుర్చీలోనే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నా పని అయ్యేదాకా తల తిప్పలేదు. ట్రేలో పిన్నీసు చిన్నగా మోగాకే ఇటు తిరిగాడు. జంబియా పక్కన అది దాని పిల్లలా ఉంది.

బొమ్మలు చక్కగా వచ్చాయి. ఆ వారంలోనే ఆపరేషన్ చేశారు.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు నా జేబులే ఖాళీ చేస్తాను. రెండు నెలల తరవాత మళ్లీ స్కాన్‌కి ఆయన తన కాళ్ల మీద నడుచుకుంటూ వచ్చాడు. పిస్టల్ ఇంట్లోనే ఉంచి వచ్చానని చెవిలో చెప్పాడు. జంబియా ట్రేలో పెట్టాడు. ఆ తరవాత, ఏమీ అడక్కుండా, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, నాకు కాస్త సమయమిస్తూ.