లేని చప్పుడు

పాతికేళ్లు దాటింది. ఒక్క మాట నా గుండెల మీద కూర్చుంది, లేవనంటోంది. పెద్ద మాటేం కాదు. తిట్టూ కాదు, శాపమూ కాదు. ‘ఇనవడుతుంది’ అన్నాను. అంతే. ఆ రోజు అక్కడ వినపడడానికి ఏమీ లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోయినప్పుడల్లా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నన్ను మంచివాడనుకునే వాళ్ల ముందు ఆ మాట ఎలా చెప్పడం? మీకు ఆ ఇబ్బంది లేదు. మీరు నా గురించి ఇంకా ఏమీ అనుకోలేదు.

నేను కరీంనగర్‌లో కార్ల మెకానిక్‌ని. నాకు పని నేర్పినవాడు దేవదానం ఉస్తాద్. ఆయనది లక్సెట్టిపేట. వాళ్ల బాపు మిషన్ ఆసుపత్రి జీపు నడిపేవాడట, ఆ జీపు కిందే పడుకుని ఉస్తాద్ పని నేర్చుకున్నాడు. నేను హుజూరాబాద్ దగ్గర భూములున్న ఇంట్లో పుట్టినవాణ్ని. ఇంటర్ తప్పి ఆయన షెడ్డులో చేరితే మా బాపు నెల రోజులు నాతో మాట్లాడలేదు. చేస్తున్న పనికి కాదు ఆ కోపం, ఎవరి చేతి కింద చేస్తున్నానన్నదానికి. ఉస్తాద్‌కు ఆ సంగతి తెలుసు. తెలిసే నన్ను ‘పటేలా’ అని ఆటపట్టించేవాడు. నేనూ నవ్వేవాణ్ని. లోపల ఎక్కడైనా గుచ్చుకునేదా? గుచ్చుకునేది. ఇంకా దాచడమెందుకు?

ఆయన పేరంతా చెవుల మీదే నిలబడింది. కార్బరేటర్ ట్యూనింగ్ అంటే పెట్రోలూ గాలీ సరైన పాళ్లలో కలిసేలా ఒక చిన్న స్క్రూ తిప్పి పెట్టడం. అందరూ చేసేదే. ఉస్తాద్ మాత్రం మూరెడు రబ్బరు గొట్టం తీసుకుని, ఒక కొస చెవికి ఆనించి, రెండో కొస కార్బరేటర్ చుట్టూ తిప్పుతూ కళ్లు మూసుకునేవాడు. ఆ కాసేపు షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోవాలి. పక్కన చాయ్ హోటలాయన తనంతట తనే రేడియో తగ్గించేవాడు. ఖానాపూర్ నుంచి కూడా బండ్లు తెచ్చేవాళ్లు ఆ చెవుల కోసం. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది కూడా ఆయనే. హార్మోనియం అందుకోక ముందే శ్రుతి పట్టేవాడట.

షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఉస్తాద్ ట్యూనింగ్ ముగించాక గొట్టం నా చేతికిచ్చేవాడు. నేను కూడా విని, బాగుందంటేనే బండి బయటికి పోయేది. ‘ఒక్క చెవి మీద బండి ఇయ్యొద్దు’ అనేవాడు. నన్ను తన రెండో చెవి అని గిరాకీలకు చెప్పుకునేవాడు. పదహారేళ్లు ఆ గొట్టం అందుకున్నాను. పదహారేళ్లు ‘మంచిగున్నది ఉస్తాద్’ అన్నాను. నిజంగానే మంచిగా ఉండేది, నేననడానికి ఇంకో మాట దొరికేది కాదు. అదే నాకు ఎక్కలేదేమో. ఎప్పుడూ బాగుందనడానికి నేనెందుకు?

తొంభైల చివర్లో పెట్రోలు ఇంజెక్షన్ కార్లు రావడం మొదలైంది. వాటికి కార్బరేటర్ ఉండదు, స్క్రూ ఉండదు. గాలిని, వేడిని చూసి ఎంత పెట్రోలు చిమ్మాలో ఒక చిన్న కంప్యూటర్ పెట్టె నిర్ణయిస్తుంది. హైదరాబాద్ పోయి ఆరు నెలలు ఒక పెద్ద గ్యారేజీలో ఆ పని నేర్చుకుని వచ్చాను. ఉస్తాదే పంపాడు, పోయి నేర్చుకో అని. వచ్చాక చూస్తే కరీంనగర్‌లో అలాంటి కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. నేర్చిన విద్య చేతుల్లోనే తుప్పు పడుతోంది. రోజంతా మళ్లీ అవే కార్బరేటర్లు కడగడం, అదే గొట్టం అందుకోవడం. చికాకు. పానా కింద పడినా చికాకు, చాయ్ చల్లారినా చికాకు.

మా దగ్గరికి ఒక ఎముకల డాక్టరు గారి కారు వచ్చేది. వాళ్ల నాన్న అరవైల్లో కొన్న నల్ల అంబాసిడర్. డాక్టరు గారికి దానిమీద ప్రాణం. ఆ కారుకు ఇంజెక్షన్ పెడతానని ఆయన చెవిలో జోరీగలా తిరిగాను. పాత కారు, కొత్త గుండె. జిల్లాలో మొదటిది అవుతుంది. ఆయనకు మనసైంది. కానీ ఉస్తాద్ ఏమంటే అదే అన్నాడు. ఉస్తాద్ బానెట్ లేపి చూసి, నడిచే బండిని కెలుక్కోవడమెందుకు సారూ, ఈ కార్బరేటర్ ఇంకో ముప్పై ఏళ్లు నడుస్తుంది అన్నాడు. అంతటితో ముగిసింది. నా ఆరు నెలలు ఒక్క వాక్యంలో కొట్టుకుపోయాయి.

వారం తిరక్కుండా అదే కారు ట్యూనింగ్‌కు వచ్చింది. పొద్దున పదింటి వేళ. డాక్టరు గారు పక్కనే నిలబడ్డాడు. ఉస్తాద్ కళ్లు మూసుకుని విన్నాడు, స్క్రూ తిప్పాడు, గొట్టం నా చేతికిచ్చాడు. విన్నాను. ఇంజన్ పాలు మరిగినట్టు సమంగా ఉంది. నేను నోరు తెరిచాను. ‘మంచిగున్నది’ అనడానికే తెరిచాననుకుంటాను. ఇన్నేళ్లుగా అదే ఆలోచిస్తున్నాను, ఆ మాట ఏ క్షణంలో మారిందని. ముందే అనుకుని చేసిందైతే కాదు. కాదా? ముందు వారమంతా నాలో నేను ఏం నములుకున్నానో నాకు తెలియదా?

“సన్నగ తప్పుతుంది ఉస్తాద్,” అన్నాను. “మూడో సిలిండర్ల.”

ఆయన గొట్టం తీసుకుని మళ్లీ విన్నాడు. చాలాసేపు విన్నాడు.

“నాకేం ఇనవడతలేదు. నీకు ఇనవడుతుందా?”

“ఇనవడుతుంది.”

స్క్రూ పావు వంతు తిప్పాడు. ఇంజన్ చెడింది, అది ఆయనకూ వినిపించింది. మళ్లీ మొదటి చోటికే తెచ్చాడు. ఇంజన్ అంత బాగా పలికే చోటు అదొక్కటే. ఇప్పుడు? అన్నట్టు నా ముఖంలోకి చూశాడు. ఇంకా ఉందన్నాను. మళ్లీ తిప్పాడు, మళ్లీ తెచ్చాడు. ఇంకా ఉందన్నాను. డాక్టరు గారు పాపం, నాకు బాగానే అనిపిస్తోందే అన్నాడు. మీకు తెలవదు సారూ, మావోడు చెప్తుండు కదా అని ఉస్తాద్ ఆయన్ని ఆపేశాడు.

నన్ను నమ్మి తన చెవుల్ని కాదనుకున్నాడు. నేను అబద్ధమాడి ఉండొచ్చన్న ఆలోచన ఆయనకు రానేలేదు. వచ్చి ఉంటే బాగుండేది. చెంప మీద ఒక్కటి ఇచ్చి ఉంటే నేను ఇవాళ ఇది రాసేవాణ్ని కాదు.

చివరికి స్క్రూడ్రైవర్ బానెట్ అంచు మీద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. నుదుటి మీద చెమట.

“నా చెవులు పోయినయ్ పటేలా. ఇగ బండ్లు నువ్వే జూడు.”

చెవుల డాక్టరు దగ్గరికి పంపుతానని డాక్టరు గారు అన్నాడు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. మాటలు బాగానే వినిపిస్తున్నాయి, పోయింది ఆ సన్నని చప్పుడొక్కటే, దానికి మందేముంటుంది అన్నాడు. నెలలోపు షెడ్డు నాకప్పగించి లక్సెట్టిపేట వెళ్లిపోయాడు. బస్సెక్కించింది నేనే. కిటికీ దగ్గర నిలబడి చెబుదామనుకున్నాను. చెప్పేలోపే బస్సు కదిలింది అని మీతో అంటే అదీ అబద్ధమే. అరగంట కదల్లేదు ఆ బస్సు.

ఇక నా ఇంజెక్షన్ సంగతి వినండి. వద్దనడానికి ఉస్తాద్ లేడు, డాక్టరు గారు అంబాసిడర్‌ను నా చేతికిచ్చాడు. కార్బరేటర్ ఊడదీసి, దాని చోట ఇంజెక్టర్ అమర్చడానికి ఒక ఇనుప పలక లేత్ మీద చేయించాను. యాక్సిడెంటయిన ఒక విదేశీ కారు సామాన్లు హైదరాబాద్ నుంచి తెచ్చాను. మొదటి వారమే ట్యాంకులోని తుప్పు వచ్చి ఇంజెక్టర్‌కు అడ్డం పడింది. ట్యాంకు దించి కడిగాను. తర్వాత ప్లగ్గు వైర్ల నుంచి వచ్చే అలజడికి కంప్యూటర్ పెట్టెకు మతిపోయింది. వైర్లన్నీ మార్చాను. అదయ్యాక చూస్తే ఇంజన్ నిలకడగా ఉండదు. నిలబెట్టి ఉంచితే లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. సెన్సార్లు మార్చాను. పంపు మార్చాను. నాలుగు నెలలు. డాక్టరు గారు మూడు రోజులకోసారి ఫోన్. పాత కార్బరేటర్ అరలోంచి నన్నే చూస్తున్నట్టుండేది. ఒకరోజు కోపమొచ్చి దానిమీద గుడ్డ కప్పాను.

ఆఖరికి ఆ కారులోనే లక్సెట్టిపేట బయల్దేరాను. చెప్పేద్దామనే బయల్దేరాను. నమ్మండి, నమ్మకపోండి. ధర్మపురి దాటి రాయపట్నం వంతెన ఎక్కేదాకా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను.

ఉస్తాద్ వాకిట్లో అరుగు మీద కూర్చుని అనపకాయలు వొలుస్తున్నాడు. కారు ఆపి, ఇంజన్ అలాగే వదిలి దిగాను. ఆయన భార్య సుగుణమ్మ నీళ్లిస్తూ, ఈయన ఇప్పుడు చర్చిలో వెనక వరసలో కూర్చుంటున్నాడని నాతో మెల్లగా అంది. పాట ఎత్తుకోమంటే శ్రుతి దొరకదేమోనని భయమట. పెదవులు మాత్రం కదుపుతాడట. గ్లాసు అలాగే అరుగు మీద పెట్టేశాను.

అప్పుడు ఉస్తాద్ తల కొంచెం పక్కకి వంచాడు. పాత అలవాటు. కారు ఇరవై గజాల దూరంలో ఉంది.

“పటేలా, గాలి గుంజుతున్నది కదా? కార్బరేటర్ కూసుండే కాడ, అడుగున. నాకట్ల ఇనవడుతుంది. గని నా చెవుల ముచ్చట నీకెర్కనే. నువ్వు జెప్పు, ఉన్నదా?”

ఉందంటే చాలు. ఆ ఒక్క మాటతో ఆయన చెవులు ఆయనకి తిరిగి వచ్చేవి. కానీ ఉందంటే తర్వాతి ప్రశ్న వస్తుంది కదా. ఇరవై గజాల నుంచి ఇది విన్న చెవులకు ఆ రోజు పక్కనే ఉందని నేనన్నది ఎందుకు వినపడలేదు? ఆ ప్రశ్న ఆయన కళ్లలో పుట్టకముందే నేను తొక్కేశాను.

“లే ఉస్తాద్. గదేం లే.”

ఆయన తలూపాడు. మళ్లీ అనపకాయలు అందుకున్నాడు. వచ్చేటప్పుడు సుగుణమ్మ సంచీలో వంకాయలు పోసి ఇచ్చింది.

వంతెన దాటాక కారు పక్కకి ఆపాను. రబ్బరు గొట్టం తీసి, ఒక కొస చెవికి పెట్టుకుని, రెండోది ఆ ఇనుప పలక అడుగున పెట్టాను. బుస్సుమని గాలి. ఆయన చెప్పిన చోటే. పలక వెంట్రుకవాసి వంగి ఉంది, ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతోంది, కంప్యూటర్ దానికి లెక్క కట్టలేక కొట్టుకుంటోంది. మర్నాడు పలక చదును చేయించి, సందు మూసుకునేలా కింద కొత్త గాస్కెట్ వేశాను. ఇంజన్ కుదురుకుంది. సంతోషం కలగలేదు. కోపం వచ్చింది, అదీ ఆయన మీద. ఎందుకు విన్నాడు? వినకుండా ఉంటే ఏం పోయింది?

జిల్లాలో మొదటి ఇంజెక్షన్ అంబాసిడర్ అని జనం చూడడానికి వచ్చారు. ఎలా పట్టుకున్నావు ఆ లోపం అని డాక్టరు గారు అడిగితే, వెతికాను సార్ అన్నాను. నా షెడ్డుకు పేరొచ్చింది. ఇవాళ తింటున్న అన్నం ఆ పేరుదే.

కొన్నేళ్లకు ఉస్తాద్ గుండె ఆగి పోయాడు. అంత్యక్రియల రోజు చర్చిలో పాట మొదలుపెట్టాల్సిన చోట కాసేపు అందరూ ఆగిపోయారు, ఎవరు ఎత్తుకోవాలో తెలియక. అన్నేళ్లు ఆయన వెనక వరసలో కూర్చున్నా వాళ్లింకా ఆ గొంతు కోసమే చూస్తున్నారనిపించింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

పోయిన నెల నా చెవులే పరీక్ష చేయించుకున్నాను. ఇంజన్ల పక్కన నలభై ఏళ్లు గడిపినవాడికి చెవులు మందగించడం మామూలే, దాన్ని దేవుడి శిక్ష అనకండి, నాకు అంత గొప్ప అక్కర్లేదు. గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపిస్తే మీట నొక్కమంది ఒక అమ్మాయి. కాసేపటికి తలుపు తీసి, చప్పుడు లేనప్పుడు కూడా నొక్కుతున్నారు సార్ అంది. విసుగేమీ లేదు ఆమె గొంతులో. నేను లేచి బయటికి వచ్చేశాను, పరీక్ష ముగించకుండానే.

సుగుణమ్మ ఇంకా ఉంది. ఆమెకు చెప్పాలా? చెబితే ఎవరికి మేలు? నా బరువు దించుకోవడానికి ఆమె ముసలితనం మీద పెట్టాలా? ఇది కూడా నేను నాకే చెప్పుకుంటున్న సాకేమో, తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమిస్తే దానికి విలువేముంది? ఆ హక్కున్నవాడు తన చెవులు తనను మోసం చేశాయనుకునే వెళ్లిపోయాడు.

బస్సు దగ్గర, ఆ అరుగు దగ్గర అనాల్సింది ఒక్కటే. ఇప్పటిదాకా నా నోటితో ఒక్కసారీ అనలేదు. రాస్తూ పైకే అన్నాను ఇందాక, గదిలో ఎవరూ లేరు.

ఉస్తాద్, నీ చెవులు మంచిగనే ఉండె.