అరంగుళం మాస్టారి రంపం

ఆ వీధిలో ఆయన్ని అందరూ అరంగుళం మాస్టారనే అంటారు. టైలరు. చొక్కా అయినా, కోటయినా, లోపల అరంగుళం గుడ్డ మిగల్చకుండా ఆయన కత్తెర కదలదు. ముందు సుద్దతో కుట్టు గీత గీస్తారు, దానికి అరంగుళం బయటగా కోత గీత గీస్తారు, ఆ బయటి గీత మీదే కత్తిరిస్తారు. రేపు ఒళ్ళు వస్తే విప్పి వదులు చేసుకోవచ్చని ఆయన ధీమా. ఆ ధీమాతోనే జుట్టు నెరిసింది.

అలాంటి మనిషికి గుడ్డ కాదు, చెక్క కొయ్యాల్సిన అవసరం వచ్చిపడింది.

మాస్టారి అమ్మ జారిపడి తుంటి విరిగి, ఆపరేషనయి ఇంటికొచ్చింది. నాలుగు కాళ్ళ వాకర్ పట్టుకుని నడవమన్నారు. గదిలో బాగానే నడుస్తోంది. చిక్కల్లా బాత్రూముకు వెళ్ళే నడవాలోనే. అసలే ఇరుకు. దానికి తోడు ఒక పక్క గోడ పొడుగునా నడుమెత్తులో వెడల్పాటి చెక్క బిగించి ఉంది. మాస్టారు గుడ్డ పరిచి కత్తిరించుకునేది దాని మీదే. బిగించింది ఆయన నాన్న, ఆయనా టైలరే. ఆ చెక్కకూ ఎదుటి గోడకూ మధ్య వాకర్ పట్టదు. అందుకని కొడుకూ కోడలూ చెరో రెక్కా పట్టుకుని ఆవిణ్ణి దాదాపు మోసుకెళ్తున్నారు.

జ్వరమొచ్చినా తన కంచం తనే కడుక్కున్న మనిషి ఆవిడ. కొడుకు చేతుల మీద బాత్రూముకు వెళ్ళడం చచ్చేంత సిగ్గుగా ఉంది. ఆ మాట నోరు విప్పి అనలేదు. నీళ్ళు తాగడం మానేసింది.

మంచం పక్కన పెట్టిన గ్లాసు పెట్టినట్టే ఉంటోందని కోడలే ముందు కనిపెట్టింది. అడిగితే దాహం లేదంది అత్తగారు. పెదాలు మాత్రం ఎండి పగిలాయి. ఒక పొద్దున్న కొడుకు మొహంలోకి చూస్తూ, "నాన్న ఇంకా రాలేదేంరా?" అంది. నాన్న పోయి ఎన్నేళ్ళో అయింది. డాక్టరుకు ఫోన్ చేస్తే, ఒంట్లో నీరు తగ్గితే ఈ వయసులో ఇలాగే ఉంటుంది, ఎలాగైనా తాగించండి, సాయంత్రానికి తేరుకోకపోతే ఆస్పత్రికి తీసుకొచ్చెయ్యండి అన్నాడు.

బాత్రూముకు తనంతట తను వెళ్ళగలిగితేగానీ అత్తగారు నీళ్ళు ముట్టదని కోడలికి అర్థమైంది. ఆ చెక్క కొయ్యడానికి రమ్మంటే వడ్రంగి రేపు రేపంటూ తిప్పుతున్నాడు. చేతిరంపంతో కోద్దామంటే ఆ ఇరుకులో మోచెయ్యి తిరగదు. వైరున్న రంపం పెట్టడానికి దరిదాపుల్లో ప్లగ్గు లేదు. బ్యాటరీతో నడిచే చిన్న రంపాలు వచ్చాయని ఎవరో అనగా విన్నారు. అమ్మ దగ్గర పక్కింటావిణ్ణి కూర్చోబెట్టి, భార్యాభర్తలిద్దరూ పనిముట్ల దుకాణానికి పరుగెత్తారు.

దుకాణదారు ముందుగా గుండ్రటి బ్లేడున్న రంపం చేతికిచ్చాడు. మాస్టారు మీట నొక్కగానే అది గుర్రుమంది. ఆయన దాన్ని కింద పడేసినంత పని చేశారు. గీత తప్పితే ఆపేదెలా అని అడిగారు. మధ్యలో బ్యాటరీ అయిపోతే ఎలా అని అడిగారు. మరొకటి తీసి చూశారు, బరువన్నారు. ఇంకొకటి మరీ తేలిగ్గా ఉంది, చెక్క తెగుతుందో లేదో అన్నారు. తిరిగి మొదటిదే పట్టుకుని, మళ్ళీ అవే ప్రశ్నలు వేశారు. ఇలా మీనమేషాలు లెక్కపెడుతుంటే, పక్కింటావిడ దగ్గర్నించి ఏ కబురొస్తుందోనని భార్య ఫోను చేత్తో పట్టుకుని నిలబడింది.

ఇంతకీ దేనికని దుకాణదారు అడిగాడు. ఏదో ఇంట్లో చిన్న పని అని మాస్టారు నసిగారు. భార్య ఇక ఉండబట్టలేకపోయింది.

"మా అత్తయ్య వాకర్ పట్టే దారి చెయ్యాలండీ. అది అయితేగానీ ఆవిడ నీళ్ళు తాగదు."

దుకాణదారుకు సగమే అర్థమైంది. అయినా గుండ్రటి రంపాలన్నీ పక్కకు జరిపి, ఇంకో చిన్నదాన్ని తీసి బల్ల మీద నిలబెట్టాడు. దాని బ్లేడు సన్నగా నిటారుగా ఉంది. నొక్కితే పైకీ కిందికీ ఆడుతోంది. చుట్టూ ఇనప పాదం. మాస్టారు వంగి చూశారు. అచ్చం కుట్టు మిషనే. సూది బదులు పళ్ళున్నాయి, అంతే. ఇదే ఇమ్మన్నారు. మిషను దగ్గర గుడ్డ కదులుతుంది, ఇక్కడ చెక్క కదలదు, మిషనే నడవాలన్న సంగతి ఇంటికొచ్చే దారిలో గుర్తొచ్చి, మళ్ళీ భయం పట్టుకుంది.

బ్యాటరీ పూర్తిగా ఎక్కేదాకా ఆగలేకపోయారు. రంపం చూడగానే అమ్మ తల అడ్డంగా ఊపింది. "మీ నాన్న బిగించిందిరా అది. దాని జోలికి పోకు. నేనెలాగో సర్దుకుంటాను" అంది నీరసంగా. మాస్టారు ఆ మాట చెవిన పెట్టలేదు. టేపుతో వాకర్ కొలిచారు, నడవా కొలిచారు, ఒకటికి రెండుసార్లు చూసుకుని సుద్దతో గీసుకున్నారు. తెగిన ముక్క పడిపోకుండా భార్య అంచు పట్టుకుంది.

చెక్క తెగుతున్నంతసేపూ మాస్టారు గీత మీంచి చూపు తిప్పలేదు. రంపపు పొట్టు కనురెప్పల మీద పడినా తుడుచుకోలేదు. ముక్క ఊడి భార్య చేతిలోకి వచ్చింది. వెంట్రుకవాసి వంకర లేదు.

అమ్మ వాకర్ పట్టుకుని బయల్దేరింది. చెక్క దగ్గరికి వచ్చేసరికి వాకర్ ఠక్కున ఆగిపోయింది. నెట్టి చూసింది, కదల్లేదు.

"పట్టదురా. వదిలెయ్" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరగడం కొడుకు అదే మొదటిసారి చూడటం.

మాస్టారు చెక్క దగ్గర వంగారు. టేపు పెట్టి చూస్తే సరిగ్గా అరంగుళం తక్కువ. అప్పుడు కనబడింది. కోసిన అంచుకు లోపలగా, చెక్క మీద మొదటి సుద్దగీత చెక్కుచెదరకుండా ఉంది. కొలత ప్రకారం గీసింది దాన్నే. ఆ వెంటనే, అడగకుండానే, ఆయన చెయ్యి అలవాటుగా బయట ఇంకో గీత గీసింది. రంపం ఆ గీత మీద నడిచింది.

భార్య ఆ గీతను చూసింది, ఆయన్ను చూసింది.

"ఎవరికి ఒళ్ళు వస్తుందని వదిలారండీ? గోడకా?"

నవ్వబోయి ఏడ్చేసింది. మాస్టారు అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మళ్ళీ రంపం తీశారు. బ్యాటరీ మీద ఎర్ర దీపం మినుకుమినుకుమంటోంది. ఈసారి లోపలి గీత మీదే నడిపారు. సగం దాటాక రంపం గొంతు మారింది, మెల్లగా ఈడుస్తోంది. ఇంకాస్త, ఇంకాస్త అని దాన్ని పసిపిల్లను బతిమాలినట్టు బతిమాలారు. సన్నటి పేడు నేల మీద పడగానే రంపం ఆగిపోయింది.

అమ్మ మళ్ళీ లేచింది. వాకర్ చెక్కను రాసుకుంటూ వెళ్ళింది. ఎవరూ రెక్క పట్టలేదు. బాత్రూము తలుపు ఆవిడ వెనకే మూసుకుంది. కొడుకూ కోడలూ ఇవతల నిలబడ్డారు. కాసేపటికి తనే తలుపు తీసుకుని, తనే నడిచి వచ్చి మంచం మీద కూర్చుంది. గొంతు ఎండిపోతోంది, నీళ్ళివ్వమంది.

మాస్టారు గ్లాసందించారు. గుక్క తిప్పుకోకుండా తాగేసింది. ఆయన మళ్ళీ చెంబు వంచబోతే, ఖాళీ గ్లాసు ముందుకు జరిపింది.

"అంచుదాకా పొయ్యరా. అరంగుళం వదలకు."